అమ్ముడుపోయిందెవరు?

తెలుగులో ‘అమ్ముడుపోవడం’ అనే మాటకు రెండర్థాలు. సరుకు అమ్ముడుపోతే అది వ్యాపారం. మనిషి అమ్ముడుపోతే అది ద్రోహం. 1975లో ఒక నల్లజాతి సాక్సఫోన్ వాద్యకారుడి విషయంలో అమెరికా సంగీత విమర్శ ఈ రెండర్థాలనూ ఒకటి చేసింది. ఆయన పేరు గ్రోవర్ వాషింగ్టన్ జూనియర్. ఆ రికార్డు పేరు ‘మిస్టర్ మ్యాజిక్’. నాలుగే నాలుగు రచనలున్న ఈ జాజ్-ఫంక్ ఆల్బమ్ బిల్‌బోర్డ్ పత్రిక జాజ్ జాబితాలో మొదటి స్థానానికి చేరింది, సోల్ జాబితాలోనూ మొదటి స్థానానికే చేరింది. దేశమంతటి శ్రోతలను లెక్కించే పాప్ జాబితాలో పదో స్థానం దాకా వెళ్లింది. పాట లేదు, పాడే గొంతు లేదు, ముందు వరుసలో ఉన్నది ఒక ఊదే వాయిద్యం. అలాంటి రికార్డుకు అంతటి ఆదరణ అప్పట్లో అరుదు. ఆదరణ పెరిగినకొద్దీ పండితుల ముఖం చిట్లింది. ఇది జాజ్ కాదన్నారు, నేపథ్యంలో వినబడే మెత్తటి మోత అన్నారు, మార్కెట్‌కు లొంగిపోయాడన్నారు.

ఈ తీర్పును నేను సంగీత తీర్పుగా మాత్రమే చదవలేను. ‘స్వచ్ఛమైనది’, ‘కల్తీ అయినది’ అనే విభజన ఎక్కడ కనిపించినా, ఆ గీత గీసిన చెయ్యి ఎవరిదని అడగడం కుల సమాజంలో పుట్టినవాళ్లకు అలవాటైన పని.

ముందుగా ఆ జాబితాల సంగతే చూద్దాం. నల్లవాళ్ల రికార్డులను అమెరికా పరిశ్రమ మొదటినుంచీ వేరుగా లెక్కించింది. 1940లలో బిల్‌బోర్డ్ ఆ జాబితాకు పెట్టిన పేరు ‘రేస్ రికార్డులు’, అంటే జాతి రికార్డులు. 1949లో అది ‘రిథమ్ అండ్ బ్లూస్’ అయింది. 1969లో ‘సోల్’ అయింది. 1982లో ‘బ్లాక్’ అని మళ్లీ మారింది. ఎన్ని పేర్లు మారినా జాబితా వేరుగానే ఉండిపోయింది. మన టీ దుకాణాల రెండు గ్లాసుల పద్ధతి తెలిసినవాళ్లకు ఇందులో వివరించవలసింది పెద్దగా ఉండదు. టీ ఒక్కటే, గ్లాసు వేరు. వేరు గ్లాసులో తాగినంతకాలం ఎవరికీ అభ్యంతరం ఉండదు. గ్రోవర్ రికార్డు మూడు గ్లాసుల్లోనూ ఒకేసారి కనిపించింది. అసౌకర్యం అక్కడ మొదలైందని నా అనుమానం.

‘ఫంక్’ అనే మాట చరిత్ర ఇంకా ముఖ్యమైనది. ఇంగ్లీషులో ఆ మాటకు పాత అర్థం ఘాటైన వాసన, ముక్కు మూసుకునే కంపు. నల్లవాళ్ల వాడుకలో అది చెమట పట్టిన ఒంటి వాసన. ఎండలో పనిచేసిన శరీరానికీ, ఇరుకు గదిలో అర్ధరాత్రి దాకా ఆడిన శరీరానికీ ఉండే వాసన అది. పెద్దమనుషుల ఇళ్లలో పలకకూడని ఈ మాటను 1950లలో జాజ్ కళాకారులు ఏరికోరి తలకెత్తుకున్నారు. హోరెస్ సిల్వర్ 1953లోనే ఒక రచనకు ఆ మాటను శీర్షికలో పెట్టాడు. నల్లజాతి చర్చిల కీర్తనల నుంచీ బ్లూస్ నుంచీ వచ్చిన మొరటుతనాన్ని దాచుకోకుండా వాయించడమే ‘ఫంకీ’గా వాయించడమైంది. తరువాత జేమ్స్ బ్రౌన్ దాన్ని ఒక తాళ పద్ధతిగా మార్చాడు. ఆవృతంలో మొదటి దెబ్బ మీద బరువంతా వేసి, తక్కిన వాయిద్యాలన్నిటినీ దాని చుట్టూ చిన్న చిన్న ముక్కలుగా పేర్చడమే ఆ పద్ధతి. తోలు వాసనతో, పశువుల కొట్టం వాసనతో, మురుగు వాసనతో మనుషులకు విలువ కట్టిన దేశంలో బతుకుతున్నాం మనం. ఎవరి మీదనైతే ఆ మాట విసిరారో వాళ్లే దాన్ని సొంత సంగీతానికి పేరుగా పెట్టుకోవడం ఎంతటి పనో మనకు వేరే చెప్పనవసరం లేదు.

గ్రోవర్ 1943లో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫలో నగరంలో పుట్టాడు. తల్లి చర్చి బృందంలో పాడేది, తండ్రి సాక్సఫోన్ వాయించేవాడు, జాజ్ రికార్డులు పోగుచేసేవాడు. సైన్యంలో చేరవలసి వచ్చినప్పుడు ఆయన సైనిక బ్యాండులో వాయించాడు. సాక్సఫోన్‌కు అది పుట్టిల్లులాంటిదే. బెల్జియానికి చెందిన అడాల్ఫ్ సాక్స్ 1846లో పారిస్‌లో పేటెంటు పొందిన ఈ వాయిద్యానికి మొదట చోటిచ్చినవి ఫ్రెంచి సైనిక బ్యాండులే. యూరప్ సింఫనీ వాద్యబృందాల్లో దానికి ఇప్పటికీ స్థిరమైన కుర్చీ లేదు. పెద్ద సభలో పీట దక్కని వాయిద్యాన్ని నల్లవాళ్లు తమ గొంతుగా చేసుకున్నారు. ఆ సైనిక బ్యాండులోనే గ్రోవర్‌కు డ్రమ్ వాద్యకారుడు బిల్లీ కోబ్‌హమ్ పరిచయమయ్యాడు; న్యూయార్క్ కళాకారుల వైపు దారి ఆ పరిచయంతోనే తెరుచుకుంది.

1967లో గ్రోవర్ ఫిలడెల్ఫియా చేరాడు. అది ఫ్రాంక్ రిజ్జో అధిపతిగా ఉన్న పోలీసుల నగరం. 1970 ఆగస్టులో అక్కడి పోలీసులు బ్లాక్ పాంథర్ల కార్యాలయాల మీద దాడి చేసి, ఆ యువకులను వీధిలో గోడకు ఆనించి బట్టలు విప్పించిన ఛాయాచిత్రం ప్రపంచమంతా తిరిగింది. రెండేళ్లకు బొంబాయిలో దళిత్ పాంథర్స్ ఏ పేరునైతే స్వీకరించారో, ఆ పేరు అప్పుడు ఫిలడెల్ఫియా గోడల దగ్గర చేతులెత్తి నిలబడి ఉంది. గ్రోవర్ ఉద్యమకారుడని నేననడం లేదు. ఆయన ఆ నగరంలో రికార్డుల టోకు గిడ్డంగిలో పనిచేస్తూ రాత్రిళ్లు క్లబ్బుల్లో వాయించేవాడు. ఏ రికార్డు ఏ పేటకు పోతోందో, ఏది తిరిగొస్తోందో ఆ గిడ్డంగిలో కళ్లారా చూసి ఉంటాడు. తన ప్రజలు ఏం వింటున్నారో ఆయనకు పుస్తకాల ద్వారా తెలియవలసిన అవసరం లేకపోయింది.

ఆయన తొలి రికార్డు దాదాపు ప్రమాదవశాత్తు వచ్చింది. 1971లో కుడు అనే సంస్థ హ్యాంక్ క్రాఫర్డ్ అనే ఆల్టో సాక్సఫోన్ కళాకారుడి కోసం స్టూడియో సిద్ధం చేసింది. క్రాఫర్డ్ రాలేకపోయాడు. పక్కవాయిద్యానికి పిలిపించుకున్న గ్రోవర్ చేతిలో, ఆయనకు అలవాటైన టెనార్ బదులు ఆల్టో పెట్టి వాయించమన్నారు. ఆ రికార్డుకు శీర్షికగా నిలిచింది మార్విన్ గే అదే సంవత్సరం పాడిన ‘ఇన్నర్ సిటీ బ్లూస్’ పాట. నల్లజాతి పేటల దారిద్ర్యం మీద, పన్నుల మీద, యుద్ధం మీద రాసిన పాట అది. మాటలు తీసేసినా ఆ పాట దేని గురించో వినేవాళ్లకు తెలుసు. వాద్య సంగీతంలో రాజకీయం లేదనేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు.

ఇక ‘మిస్టర్ మ్యాజిక్’. న్యూజెర్సీలో రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో దాన్ని రికార్డు చేశారు. కూర్పు బాబ్ జేమ్స్‌ది, గిటార్ ఎరిక్ గేల్‌ది, బాస్ గ్యారీ కింగ్‌ది, డ్రమ్స్ హార్వే మేసన్‌వి, చేతి తాళవాద్యాలు రాల్ఫ్ మెక్‌డొనాల్డ్‌వి. శీర్షిక రచన నిడివి తొమ్మిది నిమిషాలు. తొందరపడని నడక. కింద బాస్, గిటార్ కలిసి ఒక చిన్న పదబంధాన్ని పట్టుకుని వదలవు. దాని మీద సాక్సఫోన్ పలికే రాగం కూడా చిన్నదే, ఒకసారి విన్నవాడు బయటికొచ్చి ఈల వేయగలిగినంత చిన్నది. దాన్నే మళ్లీ పలుకుతాడు. మళ్లీ పలికినప్పుడు ఒక స్వరం దగ్గర కొంచెం ఆగుతాడు, ఇంకోసారి అదే స్వరాన్ని కొంచెం గరుకుగా ఊదుతాడు. నాకు మన పల్లె కథకుల వంత గుర్తొస్తుంది. వంత ప్రతిసారీ ఒకటే; కథ మాత్రం ముందుకు నడుస్తూనే ఉంటుంది. ఒకే మాటను తిప్పి తిప్పి చెప్పడాన్ని పేదరికంగా చూసే చెవి ఒకటుంది. ఆ తిప్పడంలోనే సభ మొత్తాన్ని లోపలికి లాగే పద్ధతిని గుర్తించే చెవి మరొకటుంది. ఈ రెండు చెవులకు రెండు వేర్వేరు చరిత్రలున్నాయి.

ఆల్బమ్ అంతా ఒకే స్థాయిలో ఉందని చెబితే అబద్ధమవుతుంది. మొదటి రచన ‘ఎర్త్ టోన్స్’ పన్నెండు నిమిషాలు. నా దృష్టిలో అందులో కొన్ని నిమిషాలు ఎక్కువే. బాబ్ జేమ్స్ కూర్పులో నునుపు కొన్నిచోట్ల శృతి మించింది. కాని రెండో రచన ‘ప్యాషన్ ఫ్లవర్’ను ఎంచుకోవడంలో గ్రోవర్ పరంపర కనిపిస్తుంది. దాన్ని స్వరపరచినవాడు బిల్లీ స్ట్రేహార్న్. దశాబ్దాల పాటు డ్యూక్ ఎలింగ్టన్ నీడలో పనిచేసిన నల్లజాతి స్వరకర్త, తన స్వలింగ ప్రేమను దాచుకోకుండా బతికినవాడు, తను రాసినదానికి తగిన పేరు బతికుండగా పొందనివాడు. ‘మార్కెట్‌కు లొంగిన’ రికార్డులో అలాంటివాడి రచన ఉండడాన్ని విమర్శకులు పెద్దగా పట్టించుకోలేదు.

లెరాయ్ జోన్స్, అంటే తరువాతి అమిరి బరాకా, 1963లోనే జాజ్ గురించీ శ్వేతజాతి విమర్శకుడి గురించీ ఒక వ్యాసం రాశాడు. సంగీతాన్ని సృష్టించే ప్రముఖులలో అత్యధికులు నల్లవాళ్లు, దాని మంచిచెడ్డలు నిర్ణయించేవాళ్లు దాదాపు అందరూ తెల్లవాళ్లు. ఆ వ్యాసానికి మూలం ఈ వైరుధ్యమే. ఆ సంగీతం ఏ జీవితం నుంచి వచ్చిందో తెలియకుండా స్వరాలను మాత్రమే కొలిచే విమర్శ దానిని అర్థం చేసుకోలేదని ఆయన వాదన. మూడేళ్ల తరువాత ఆయనే ఇంకో అడుగు వేసి, రేడియోలో మోగే రిథమ్ అండ్ బ్లూస్, మేధావులు మెచ్చే కొత్త జాజ్ ఒకే కుటుంబమని వాదించాడు. ఆ వాదన పూర్తిగా వంటబట్టివుంటే 1975లో గ్రోవర్‌ను ఎవరూ అంత తేలికగా తోసిపుచ్చేవారు కాదు. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ఆయనను తప్పుబట్టినవాళ్లలో నల్లజాతి కళాకారులూ ఉన్నారు. మార్కెట్ ఒక సూత్రాన్ని పట్టుకుందంటే దాన్ని అరిగిపోయేదాకా వాడుతుందన్న వాళ్ల భయం నిరాధారం కాదు. గ్రోవర్ తరువాతి రికార్డుల్లో కొన్నింటిని విన్నప్పుడు ఆ భయం నాకూ కలుగుతుంది. అభ్యంతరం సరైనదే. ఆ అభ్యంతరాన్ని ఎవరి మీద ఎప్పుడు ఎత్తుతారన్నదే నా ప్రశ్న. జాజ్ హోటళ్లలో, సారా దుకాణాల్లో, నాట్యశాలల్లో డబ్బుకోసం పుట్టి పెరిగిన సంగీతం. అది విశ్వవిద్యాలయాల్లోకీ, కచేరీ మందిరాల్లోకీ అడుగుపెట్టాకే ‘డబ్బుకోసం వాయించకూడదు’ అన్న నియమం పుట్టింది.

మన దగ్గర ఈ నియమం మరీ పాతది. సభలో కూర్చున్న విద్వాంసుడికి ఇచ్చేది సంభావన, చావు ముందు డప్పు కొట్టినవాడికి ఇచ్చేది కూలి, చాలాచోట్ల అదీ లేని వెట్టి. పెళ్లికి సన్నాయి లేకపోతే మంగళం కాదు, సన్నాయి ఊదినవాడికి మాత్రం పంక్తిలో చోటు లేదు. కళను దైవార్చనగా వర్ణించే సౌందర్యశాస్త్రం ఈ లెక్కలను కప్పిపెట్టడానికి చక్కగా ఉపయోగపడింది. ఆకలి లేనివాడికే డబ్బును చూసి ముక్కు చిట్లించే వెసులుబాటు ఉంటుంది.

డబ్బు ప్రస్తావన వచ్చింది కాబట్టి అది ఎటు పోయిందో చూడాలి. విద్యార్థులు ఈ భాగాన్ని కొంచెం ఓపికగా చదవాలని నా కోరిక. ఈ రికార్డు కథలో అసలు రాజకీయం ఇక్కడే ఉంది. కుడు అన్నది ఆఫ్రికా జింక పేరు. ఆ పేరుతో నల్లజాతి శ్రోతలను ఉద్దేశించి సంస్థను స్థాపించింది క్రీడ్ టేలర్ అనే శ్వేతజాతి నిర్మాత. ఆయన అభిరుచిని నేను తక్కువ చేయను. ఇంపల్స్ సంస్థను మొదలుపెట్టిందీ ఆయనే. కాని రికార్డు మీద హక్కు సంస్థది. టేలర్ సంస్థ తన రికార్డుల పంపిణీ కోసం మోటౌన్‌తో ఒప్పందం కుదుర్చుకుంది, ఆ ఒప్పందం తగవుగా మారింది, 1978లో టేలర్ సంస్థ దివాలా తీసింది. గ్రోవర్ కుడు రికార్డులు మోటౌన్ ఆస్తి అయ్యాయి. మోటౌన్ నల్లజాతి యజమాని బెర్రీ గోర్డీ నిర్మించిన సంస్థ. యజమాని రంగు మారింది. ఊదినవాడికి మాత్రం తన ఊపిరి మీద యాజమాన్యం రాలేదు. 1988లో గోర్డీ తన రికార్డు సంస్థను 6 కోట్ల 10 లక్షల డాలర్లకు పెద్ద కంపెనీ ఎంసీఏకు అమ్మేశాడు. పాటల ప్రచురణ హక్కులుండే తన జోబెట్ సంస్థను మాత్రం అప్పుడు అమ్మలేదు. అసలు ధనం ఎక్కడుందో ఆయనకు తెలుసు.

ఆ రహస్యం ‘మిస్టర్ మ్యాజిక్’ గదిలో ఉన్న మరో నల్లవాడికీ తెలుసు. శీర్షిక రచన గ్రోవర్‌ది కాదు. దాన్ని రాసినవాళ్లు రాల్ఫ్ మెక్‌డొనాల్డ్, విలియం సాల్టర్. ఈ ఇద్దరూ మిత్రులతో కలిసి యాంటీసియా మ్యూజిక్ పేరిట సొంత ప్రచురణ సంస్థ పెట్టుకున్నారు. తాము రాసిన పాటల హక్కులు తమ దగ్గరే ఉంచుకున్నారు. 1972లో రొబెర్టా ఫ్లాక్, డోనీ హాథవే పాడిన ‘వేర్ ఈజ్ ద లవ్’ వీళ్లదే. 1980లో గ్రోవర్ ‘వైన్‌లైట్’ ఆల్బమ్‌లో బిల్ విథర్స్ పాడిన ‘జస్ట్ ద టూ ఆఫ్ అజ్’ విథర్స్‌తో కలిసి వీళ్లు రాసిందే. అది 1981లో పాప్ జాబితాలో రెండో స్థానం దాకా వెళ్లింది. పక్కన కూర్చుని కాంగాలు వాయించే మనిషి, ముందు నిలబడ్డ కథానాయకుడి కన్నా గట్టి నేల మీద కూర్చున్నాడు.

మెక్‌డొనాల్డ్ హార్లెంలో, ట్రినిడాడ్ నుంచి వచ్చిన కుటుంబంలో పుట్టాడు. తండ్రి కలిప్సో గాయకుడు. కొడుకు పదిహేడేళ్ల వయసులో హ్యారీ బెలఫాంటే బృందంలో స్టీల్ పాన్ వాయిద్యంతో చేరాడు. ఆ వాయిద్యం చరిత్ర మన పత్రికల్లో ఇంకా ఎక్కువగా రావలసింది. ట్రినిడాడ్‌లో బానిసత్వం రద్దయ్యాక నల్లవాళ్లు ఉత్సవాల్లో తోలు డోళ్లు మోగించేవారు. 1880లలో వలస ప్రభుత్వం డోళ్ల మోతను చట్టంతో కట్టడి చేసింది. జనం వెదురు బొంగులను నేలకేసి కొట్టి తాళం వేశారు. తరువాత బిస్కెట్ డబ్బాలు వచ్చాయి, ఆపైన పారేసిన నూనె పీపాలు. పోర్ట్ ఆఫ్ స్పెయిన్ పేదల పేటల్లో ఆ పీపాల మూతలను సుత్తితో గుంటలు పడేలా కొట్టి, ఒక్కో గుంటలో ఒక్కో స్వరం పలికించారు. డోలును నిషేధిస్తే ఇనుము నుంచి సప్తస్వరాలు తీసిన జనం వాళ్లు. ఆ చేతులే ‘మిస్టర్ మ్యాజిక్’లో తాళం వేశాయి.

గ్రోవర్ వేసిన దారిలో అందరికన్నా ఎక్కువ సంపాదించినవాడు నల్లవాడు కాదు. గ్రోవర్ ప్రభావాన్ని తానే చెప్పుకున్న శ్వేతజాతి సాక్సఫోన్ వాద్యకారుడు కెన్నీ జీ 1992 ఆల్బమ్ ‘బ్రెత్‌లెస్’ అమెరికాలోనే కోటి ఇరవై లక్షల ప్రతుల ధ్రువీకరణ పొందింది. ‘స్మూత్ జాజ్’ అనే మాట ఒక తిట్టుగానూ ఒక పరిశ్రమగానూ ఒకేసారి స్థిరపడింది. దానికి పితామహుడన్న పేరు గ్రోవర్ మెడలో వేశారు. 1999 డిసెంబరులో న్యూయార్క్‌లో ఒక టెలివిజన్ కార్యక్రమానికి వాయించి, పక్క గదిలోకి వచ్చి కుప్పకూలి, ఆయన చనిపోయాడు. వయసు 56.

ఆ శీర్షిక రచన ఎక్కడికి చేరిందో చూడాలంటే పండితుల సభ వదిలి వాషింగ్టన్ నగరం నల్లపేటలకు వెళ్లాలి. 1970లలో ఆ రాజధాని జనాభాలో పదింట ఏడుగురు నల్లవాళ్లు. అక్కడ చక్ బ్రౌన్ అనే గిటారిస్టు ఉండేవాడు. వర్జీనియాలోని లోర్టన్ జైలులో శిక్ష అనుభవిస్తూ, సిగరెట్లు మారకంగా ఇచ్చి గిటారు సంపాదించుకుని నేర్చుకున్నవాడు. పాటకూ పాటకూ మధ్య ఖాళీ వస్తే జనం ఆట ఆపేస్తున్నారని ఆయన గమనించాడు. పాట ముగిసినా తాళం ఆగని పద్ధతి ఒకటి కట్టాడు. ఆ తాళం నడకను ‘మిస్టర్ మ్యాజిక్’ నుంచీ, చిన్ననాటి చర్చి మోత నుంచీ తీసుకున్నానని ఆయనే చెప్పేవాడు. అది ‘గో-గో’ సంగీతమైంది. క్లబ్బుల్లో, పాఠశాల మైదానాల్లో, వీధుల్లో ఆ నగరపు నల్లజాతి సంగీతమైంది.

తరువాత నగరంలో ఇళ్ల ధరలు పెరిగాయి. 2011 నాటికి నల్లవాళ్ల వాటా సగానికి దిగింది. షా అనే పాత నల్లపేటలో ఒక సెల్‌ఫోన్ల దుకాణం 1995 నుంచీ బయట స్పీకర్లు పెట్టి గో-గో మోగించేది. 2019లో పక్కనే కట్టిన ఖరీదైన భవనం నుంచి మోత మీద ఫిర్యాదు వచ్చింది. పై కంపెనీ ఆదేశంతో స్పీకర్లు మూగబోయాయి. వారం తిరక్కుండానే వందల మంది ఆ కూడలిలో చేరారు, బ్యాండులు తెచ్చుకున్నారు, వీధిలో ఆడారు. నగరాన్ని మూగబోనివ్వం అన్నదే వాళ్ల నినాదం. కంపెనీ దిగొచ్చి స్పీకర్లు తిరిగి పెట్టించింది. 2020లో నగర పాలకులు గో-గోను వాషింగ్టన్ అధికారిక సంగీతంగా ప్రకటిస్తూ చట్టం చేశారు.

అంబేడ్కర్ 1946లో డు బోయిస్‌కు రాసిన లేఖను మనం సభల్లో తరచు తలుచుకుంటాం. రెండు పీడిత సమూహాల మధ్య సంభాషణకు దాన్ని ఆనవాలుగా చూపుతాం. ఆ సంభాషణలో లేఖలతో పాటు ఇలాంటి రికార్డులనూ చేర్చుకోవాలని నా అభ్యర్థన. మన ఊళ్లలో డప్పు మోతను శవం ముందు కోరుకున్న వీధే, అదే డప్పు అంబేడ్కర్ జయంతి ఊరేగింపులో మోగితే తలుపులు వేసుకోవడం, దారి మార్చుకొమ్మనడం మనకు తెలుసు. మోత అదే, దెబ్బ అదే, తోలు అదే. షా కూడలిలో స్పీకర్లు 2019లో మళ్లీ మోగాయి. పక్క భవనంలో అద్దెలు మాత్రం తగ్గలేదు.